చిన్న కార్డు పోయింది... పెద్ద గానుగ ఆగింది

అది 2011 జనవరి. సంక్రాంతి వెళ్లి వారం కాలేదు. కటింగ్ ఆర్డరు చేతికి వచ్చింది కదా అని కూలీలను బతిమాలి, అడ్వాన్సులిచ్చి, ఒక్కరోజులో చెరకు కొట్టించి ట్రాక్టరుకెత్తాను. తెల్లవారుజామున ఫ్యాక్టరీ యార్డుకు చేరేసరికి నాకు ముందే బండ్లు బారులు తీరి ఉన్నాయి. ఎడ్లు నెమరు వేస్తున్నాయి. డ్రైవర్లు ట్రాలీల కింద దుప్పట్లు కప్పుకుని పడుకున్నారు. ఎప్పుడూ ఊరవతలికి కూడా వినపడే గానుగ చప్పుడు ఆ పూట లేదు. పొగగొట్టంలో పొగ లేదు.

"ఏమైందండీ?" అని కాటా దగ్గర గుమాస్తాను అడిగాను.

"బాయిలర్ దగ్గర కంప్యూటర్ పోయిందండీ. అందులో ఏదో కార్డు కాలిందో, డిస్కు చెడిందో సరిగ్గా తెలీదు. ఆ మోడల్ చేయడం కంపెనీవాళ్లు ఎప్పుడో మానేశారంట. పట్నం నుంచి మనిషి రావాలి" అన్నాడు.

ఆ మనిషి వచ్చాడు, చూశాడు, "ఇది పాతబడిపోయింది, మొత్తం సిస్టమ్ మార్చాల్సిందే" అని చెప్పి, కొత్తదానికి ఎంతవుతుందో లెక్క రాసిచ్చి వెళ్లిపోయాడు. సీజన్ నడిమధ్యలో అంత డబ్బు ఎక్కడ తేవాలి? తెచ్చినా, బిగించి నడిపించేసరికి నెలలు పడుతుంది. అప్పటిదాకా బండ్లమీద చెరకు ఏం కావాలి?

చివరికి గానుగను తిప్పింది ఇద్దరు. ఒకరు అదే ఫ్యాక్టరీలో ఇన్‌స్ట్రుమెంట్ మెకానిక్‌గా చేసి రిటైరైన పెద్దాయన. ఇంకొకరు టౌనులో కంప్యూటర్లు బాగుచేసుకునే కుర్రాడు. పెద్దాయన ఇంట్లో బీరువా అడుగున, బట్టలో చుట్టి దాచిన ఫ్లాపీల కట్ట ఉంది. ఆ యంత్రం పెట్టిన కొత్తలో దాని ప్రోగ్రాముకు తీసుకున్న నకలు అది. కుర్రాడు పోయిన హార్డ్ డిస్కు ఊడదీసి, దాని స్థానంలో కెమెరాల్లో వాడే మెమరీ కార్డు ఒకదాన్ని చిన్న అడాప్టరుతో బిగించాడు. మొదట పెట్టిన పెద్ద కార్డును ఆ పాత కంప్యూటర్ గుర్తుపట్టలేదు. దానికి అంత పెద్ద లెక్క రాదు. చిన్న సైజు కార్డు వెతికి పెట్టాక పట్టింది. పెద్దాయన ఫ్లాపీలు ఒక్కొక్కటే ఎక్కించారు. మూడో రోజు మధ్యాహ్నానికి పొగగొట్టం పొగ వదిలింది.

"ఏం బాబూ, చాలా ఖర్చయిందా?" అని ఆ కుర్రాణ్ణి అడిగితే నవ్వి, "సామానుకు పెద్దగా కాలేదు బాబాయ్. తాతగారు ఆ ఫ్లాపీలు దాచబట్టి సరిపోయింది. అవి లేకపోతే నేనేం చేసేవాణ్ణి కాదు" అన్నాడు.

ఆ మాట నన్ను ఇన్నేళ్లూ వదల్లేదు. వేల మంది రైతుల చెరకు ఒక పెద్దాయన బీరువాలో ఉన్న ఫ్లాపీల మీద ఆధారపడిందన్నమాట. అవి దాచమని ఆయనకు ఎవరూ చెప్పలేదు. దాచినందుకు ఎవరూ జీతం ఇవ్వలేదు. ఈ పద్ధతి మారాలని చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

ఆ డబ్బాలో ఏముంది?

కంప్యూటర్ అనగానే మనకు ఆఫీసులో బిల్లులు తీసేదే గుర్తుకొస్తుంది. ఫ్యాక్టరీలో యంత్రాలను నడిపే కంప్యూటర్ వేరు. బాయిలర్ డ్రమ్ములో నీటి మట్టం ఎంతుంది, ఆవిరి ఒత్తిడి ఎంతుంది అని అది క్షణక్షణం చూస్తుంది. తగ్గితే వాల్వు తెరుస్తుంది, పెరిగితే మూస్తుంది. చెరకు రసంలో సున్నం ఎంత కలపాలి, కేరియర్ ఎంత వేగంగా నడవాలి, సెంట్రిఫ్యూగల్ యంత్రం ఎప్పుడు తిరగాలి, ఎప్పుడు ఆగాలి అన్నవన్నీ ఇలాంటి డబ్బాలే చూస్తాయి.

ఒకప్పుడు ఈ పని రిలేలు చేసేవి. మన మోటారు స్టార్టరులో టక్కుమని కొట్టుకునే కాంటాక్టరు ఉంటుంది చూడండి, అలాంటివే వందలకొద్దీ ఒక బీరువాలో పెట్టి వైర్లతో కలిపేవారు. ఏ చిన్న మార్పు చేయాలన్నా వైర్లన్నీ ఊడదీయాల్సిందే. అమెరికాలో కార్లు తయారుచేసే జనరల్ మోటార్స్ కంపెనీ 1968లో ఈ బాధ పడలేక, వైర్లు మార్చకుండా ప్రోగ్రాము మార్చుకునే యంత్రం కావాలని అడిగింది. అలా 1969లో మోడికాన్ 084 అనే యంత్రం వచ్చింది. ఇప్పుడు ఫ్యాక్టరీల్లో పి.ఎల్.సి. అని పిలుస్తున్నవాటికి అదే మొదలు.

చిక్కు ఎక్కడొచ్చిందంటే, గానుగ, బాయిలర్ లాంటివి సరిగ్గా చూసుకుంటే దశాబ్దాలు పనిచేస్తాయి. వాటిని నడిపే కంప్యూటర్ మోడల్ మాత్రం అంతకంటే చాలా ముందే బజారులోంచి మాయమవుతుంది. ఎద్దుకు ఇంకా బలముంది, కాడి మాత్రం విరిగింది. కాడి విరిగిందని ఎద్దును అమ్ముకుంటామా?

బేరింగ్ నెంబరు తెలిసిన రైతుకు ఇది కొత్త కాదు

దీనికి మందు మన అందరికీ తెలిసిందే. మోటారులో బేరింగ్ పోతే మనమేం చేస్తాం? మోటారు తయారుచేసిన కంపెనీ ఇంకా ఉందా లేదా అని చూడం. బేరింగ్ మీద నెంబరు చూస్తాం. 6205 అని ఉంటే, అదే నెంబరుది ఏ కంపెనీదైనా తెచ్చి వేస్తాం. లోపల రంధ్రం 25 మిల్లీమీటర్లు, బయటి కొలత 52, మందం 15. ఎవరు చేసినా కొలతలు అవే కాబట్టి సరిగ్గా కూర్చుంటుంది.

కంప్యూటర్‌కూ అంతే. బిగించే చోట సరిపోవాలి, అదే కరెంటు తీసుకోవాలి, పాతది మాట్లాడిన భాషే మాట్లాడాలి. ఈ మూడూ కుదిరితే పాత యంత్రానికి తన పక్కన ఉన్నది కొత్తదని తెలియనే తెలియదు. దీన్నే వాళ్లు కంపాటబుల్ సామాను అంటారు. మన మాటల్లో చెప్పాలంటే జోడీ కుదిరే సామాను. ఇందులో మూడు దారులున్నాయి.

మొదటిది, పోయిన చిన్న భాగాన్నే మార్చడం. చాలా పాత కార్డుల్లో, పవర్ సప్లైల్లో ముందుగా పోయేది కండెన్సర్. మన సింగిల్ ఫేజ్ మోటారుకు వేసేదాని వరసే, సైజు చిన్నది. వేడికి లోపల రసం ఎండిపోతుంది. కార్డు మొత్తం పోయిందని పారేసేవాటిలో కొన్ని ఈ చిన్న సామాను మారిస్తే లేచి కూర్చుంటాయి. ఆ తర్వాత ఫ్యాను. అది దుమ్ము పట్టి ఆగితే మిగతా సామానంతా ఉడికిపోతుంది.

రెండోది, పాత భాగం స్థానంలో అదే పని చేసే కొత్త తరహా భాగం పెట్టడం. పైన చెప్పిన మెమరీ కార్డు అలాంటిదే. తిరిగే హార్డ్ డిస్కు అదురుకు, దుమ్ముకు చెడిపోతుంది. మెమరీ కార్డులో తిరిగేదే లేదు. ఫ్లాపీ డ్రైవు బదులు పెన్ డ్రైవు పెట్టుకునే పెట్టెలు కూడా వచ్చాయి. బయటికి పెన్ డ్రైవే కనపడుతుంది, పాత యంత్రానికి మాత్రం ఫ్లాపీ పెట్టినట్టే అనిపిస్తుంది. సోనీ కంపెనీ జపాన్‌లో ఫ్లాపీల అమ్మకాన్ని 2011 మార్చితో ఆపేసింది. అయినా ఫ్లాపీ మీద నడిచే ఎంబ్రాయిడరీ మిషన్లు, లేతు మిషన్లు ఆగిపోకుండా ఈ పెట్టెలే కాపాడాయి.

మూడోది, కంప్యూటర్ మొత్తాన్నే మార్చి, పాత ప్రోగ్రామును మాత్రం ఒక్క అక్షరం మార్చకుండా నడపడం. కొత్త కంప్యూటర్‌లో పాతదానిలా ప్రవర్తించే ఏర్పాటు ఉంటుంది. యంత్రం నుంచి వచ్చే వైర్లు, వాటి కార్డులు ఎక్కడివక్కడే ఉంటాయి. పాత బావి, పాత పైపులైను అలాగే ఉంచి మోటారు ఒక్కటే మార్చుకున్నట్టు. వైరింగంతా మళ్లీ చేసే ఖర్చు తప్పుతుంది. నడిచిన ప్రోగ్రామే కనుక కొత్త తప్పులూ రావు.

డబ్బున్నవాళ్లూ ఇదే చేస్తున్నారు

"ఇదంతా బీదవాళ్ల సర్దుబాటు, అతుకుల బొంత వ్యవహారం" అని కొందరు ఆఫీసర్లు చప్పరిస్తారు. వాళ్ల కోసం రెండు సంగతులు చెప్పాలి.

అమెరికాలో డిజిటల్ ఎక్విప్‌మెంట్ అనే కంపెనీ 1970లో పి.డి.పి.-11 అనే కంప్యూటర్ విడుదల చేసింది. ప్రపంచమంతా ఫ్యాక్టరీల్లో, ప్రయోగశాలల్లో లక్షల సంఖ్యలో వాడారు. ఆ కంపెనీని 1998లో మరో కంపెనీ కొనేసింది. ఇప్పుడు ఆ పేరే లేదు. అయినా కెనడా అణు విద్యుత్ కేంద్రాల్లో పనిచేసే యంత్రాలను నడపడానికి అవే కంప్యూటర్లు వాడుతున్నారని, 2050 దాకా వాడాలని అనుకుంటున్నారని, అందుకోసం ఆ పాత విద్య తెలిసినవాళ్లను వెతుకుతున్నారని 2013లో బయటికొచ్చింది. అణు కేంద్రంవాళ్లే పాతదాన్ని పారేయలేదు. ఎందుకంటే అది ఎలా నడుస్తుందో వాళ్లకు తెలుసు, పరీక్షించి ఉన్నారు. ఆ కంప్యూటర్‌కు జోడీ కుదిరే కొత్త కార్డులు, దాని పాత కార్డులను అలాగే ఉంచి నడిపే కొత్త యంత్రాలు తయారుచేసి బతికిన చిన్న కంపెనీలు కూడా ఉన్నాయి.

రెండోది బడి సంగతి. అమెరికాలోని గ్రాండ్ ర్యాపిడ్స్ అనే ఊళ్లో 19 ప్రభుత్వ బడులకు వేడి, చల్లదనం అందించే యంత్రాలను 1980ల్లో పెట్టిన ఒక అమీగా కంప్యూటర్ నడుపుతూ వచ్చింది. ఆ ప్రోగ్రాము రాసింది అప్పట్లో హైస్కూల్లో చదువుకుంటున్న కుర్రాడు. 2015లో ఈ సంగతి వార్తల్లోకి వచ్చేనాటికి కూడా అది పనిచేస్తూనే ఉంది. ఏదైనా తేడా వస్తే పెద్దవాడైన ఆ కుర్రాడినే పిలుచుకునేవారు. మార్చాలంటే పది లక్షల డాలర్లకు పైనే అవుతుందని లెక్కగట్టి, ఇన్నేళ్లూ దాంతోనే నెట్టుకొచ్చారు.

ఈ రెండు కథల్లో మెచ్చుకోవాల్సిందీ ఉంది, భయపడాల్సిందీ ఉంది. కెనడావాళ్లు ముందే లెక్క వేసుకున్నారు, మనుషులను వెతుక్కున్నారు. బడివాళ్లు ఒక్క మనిషి మీద ఆధారపడ్డారు. మన ఫ్యాక్టరీ పెద్దాయన ఫ్లాపీల కథ కూడా ఆ రెండో వరసలోదే.

నష్టం ఎవరి జేబుకు?

కంప్యూటర్ ఆగితే ఫ్యాక్టరీకి నష్టం, మనకేంటి అనుకోవద్దు. కొట్టిన చెరకు 24 గంటల్లోగా గానుగలో పడాలని మనకు ఎప్పటినుంచో చెబుతూనే ఉన్నారు. ఆలస్యమైతే రెండు దెబ్బలు. ఒకటి, నీరు ఎండి బరువు తగ్గుతుంది. కాటా మీద పడే బరువుకే మనకు డబ్బు. రెండు, లోపలి చక్కెర విరిగిపోయి గడ్డకట్టని తీపిగా మారుతుంది. దాంతో ఫ్యాక్టరీ రికవరీ తగ్గుతుంది.

రికవరీ తగ్గితే అదీ మన ధరకే తగులుతుంది. కేంద్రం 2025-26 సీజన్‌కు 10.25 శాతం రికవరీ మీద క్వింటాల్‌కు 355 రూపాయలు ధర పెట్టింది. ఆపైన ప్రతి 0.1 శాతానికి క్వింటాల్‌కు 3.46 రూపాయలు ఎక్కువ. అంటే టన్నుకు 34 రూపాయల 60 పైసలు. 9.5 శాతం, అంతకంటే తక్కువ వచ్చిన ఫ్యాక్టరీల్లో ధర క్వింటాల్‌కు 329 రూపాయల 5 పైసలు. రసంలో సున్నం సరిగ్గా పడకపోతే, రసం పులుపు తిరిగితే చక్కెర విరుగుతుంది. ఆ సున్నం కొలిచే పనీ ఆ డబ్బాలదే. అంటే ఎక్కడో కంట్రోల్ రూములో మూలుగుతున్న పాత కంప్యూటరు మన పాసుపుస్తకంలో అంకెను మారుస్తోందన్నమాట.

పెద్ద రైతుకు రెండు రోజులు ఆలస్యమైతే తట్టుకుంటాడు. ఎకరం, రెండెకరాలవాడికి ట్రాక్టరు బాడుగ రెండు రోజులు అదనంగా పడితే లాభమంతా అందులోనే పోతుంది. నాకు ఆ ఏడాది జరిగింది అదే. బాడుగ, డ్రైవరు బత్తా, కాటా మీద తగ్గిన బరువు కలిపి చూసుకుంటే, ఆ లోడు నేను ఫ్యాక్టరీకి ఊరికే తోలిపెట్టినట్టయింది.

ఒకమాట స్పష్టంగా చెప్పాలి. మన రాష్ట్రాల్లో ఎన్నో చక్కెర ఫ్యాక్టరీలు మూతపడ్డాయి. 1937లో మొదలైన బోధన్ నిజాం షుగర్స్ లాంటిదే 2015 డిసెంబరులో ఆగిపోయింది. వాటికి కంప్యూటర్లు కారణమని నేను అనను. అప్పులు, బకాయిలు, చెరకు చాలకపోవడం, నడిపేవాళ్ల తీరు, కారణాలు ఎన్నో. కానీ "యంత్రాలు పాతబడ్డాయి" అనే మాట మూతకు మొదటి మెట్టుగా వాడుకోవడం మనం చూస్తూనే ఉన్నాం. పాతబడ్డది ఏది, ఎంత, ఏది మారిస్తే నడుస్తుంది అని అడిగేవాడు లేకపోతే ఆ మాటే చెల్లుబాటవుతుంది.

కొత్తది కొంటే పోలేదా?

కొనాల్సిన సందర్భాలు లేకపోలేదు. ఈ విషయంలో పాతదాని మీద మమకారం పనికిరాదు.

బాయిలర్ పేలకుండా కాపాడే సేఫ్టీ ఏర్పాట్లలో అతుకులు వేయకూడదు. అక్కడ నియమాల ప్రకారం పరీక్షించిన సామానే ఉండాలి. మనుషుల ప్రాణాల ముందు పొదుపు పనికిరాదు. గానుగ, బాయిలర్ కూడా అరిగిపోయి, అన్నీ కలిపి మార్చే సమయం వస్తే అప్పుడు కొత్త కంట్రోల్ పెట్టుకోవడమే మంచిది. ప్రోగ్రాము నకలు లేక, డ్రాయింగు లేక, తెలిసిన మనిషీ లేకపోతే పాతదాన్ని నమ్ముకోవడం జూదమే.

ఇంకొకటి, పాత కంప్యూటర్‌ను ఇంటర్నెట్‌కు కలపకూడదు. విండోస్ ఎక్స్‌పీకి కంపెనీవాళ్లు 2014 ఏప్రిల్ 8తో మద్దతు ఆపేశారు. అంటే తలుపు గొళ్లెం ఊడినా బిగించేవాడు లేడు. అలాంటి యంత్రాన్ని వీధిలో పెట్టకూడదు. ఎవరిదో పెన్ డ్రైవు తెచ్చి గుచ్చడం కూడా అంతే ప్రమాదం.

పాత సామాను సెకండ్ హ్యాండ్‌లో కొని దాచుకోవడం మంచిదే గానీ, అందులోనూ జాగ్రత్త ఉండాలి. బీరువాలో పదేళ్లు కూర్చున్న కార్డు కూడా పాతబడుతుంది. కొన్నరోజే బిగించి నడిపి చూడాలి. చూడని స్పేరు ఉన్నా లేనట్టే. విత్తనం మొలక కట్టి చూడకుండా చల్లుతామా?

ఇవి పోగా మిగిలినవాటిలో, "మొత్తం మార్చాల్సిందే" అని అమ్మేవాడు చెప్పే మాటను వెంటనే నమ్మకూడదు. ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టవుతుంది. కొత్త సిస్టమ్ ఖరీదు బిల్లులో రాసినంతే కాదు. వైరింగు మార్చాలి, ప్రోగ్రాము మళ్లీ రాయాలి, ఆపరేటర్లు కొత్తగా నేర్చుకోవాలి, మొదటి సీజన్ అంతా తప్పులు దిద్దుకోవడంతోనే సరిపోతుంది. పైగా పదేళ్లు పోతే అదీ పాతదే అవుతుంది. అప్పుడు మళ్లీ ఇదే పాట.

మహాజన సభలో అడగాల్సినవి

సహకార ఫ్యాక్టరీలో వాటాదారులైన రైతులకు అడిగే హక్కు ఉంది. ప్రైవేటు ఫ్యాక్టరీ అయితే చెరకు రైతుల సంఘం తరఫున అడగవచ్చు. గానుగాట ముగిసి, మళ్లీ మొదలయ్యేలోగా ఉన్న నెలలే దీనికి అదును. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే లాభం లేదు. ఈ కింది ప్రశ్నలు కాగితం మీద రాసుకుని వెళ్లండి.

1. కంట్రోల్ కంప్యూటర్ల, పి.ఎల్.సి.ల ప్రోగ్రాముకు నకలు ఉందా? ఎన్ని ఉన్నాయి, ఎక్కడెక్కడ ఉన్నాయి? కనీసం మూడు నకళ్లు, అందులో ఒకటి ఫ్యాక్టరీ బయట ఉండాలి. ఆ నకలును ఎప్పుడైనా ఎక్కించి పరీక్షించారా?

2. మెమరీ బ్యాటరీ ఎప్పుడు మార్చారు? చాలా పాత పి.ఎల్.సి.ల్లో ప్రోగ్రాము ఈ చిన్న బ్యాటరీ బలం మీదే నిలుస్తుంది. సీజన్ అయ్యాక మెయిన్ ఆపి నెలల తరబడి వదిలేస్తే, బ్యాటరీ చచ్చి ప్రోగ్రాము చెరిగిపోతుంది. అలాంటి వాటిలో పవర్ ఉండగానే, తయారీదారు పుస్తకంలో చెప్పిన పద్ధతిలో తెలిసినవారే బ్యాటరీ మార్చాలి. పవర్ తీసి మారిస్తే మెమరీ ఖాళీ.

3. ఏ డబ్బాలో ఏ కార్డు ఉంది, దాని మోడల్ నెంబరెంత, దానికి జోడీ కుదిరేది ఇప్పుడు ఎవరు చేస్తున్నారు? ఈ పట్టిక ఒక్కసారి రాసుకుంటే, రేపు ఏది పోయినా ఫోను చేసి తెప్పించుకోవచ్చు.

4. ఆగితే గానుగ మొత్తం ఆగిపోయే కార్డులు ఏవి? వాటికైనా ఒక్కొక్క స్పేరు ఉందా? నడిపి చూశారా?

5. కంట్రోల్ రూములో ఏసీ పనిచేస్తోందా? ఫ్యాన్లు, ఫిల్టర్లు శుభ్రం చేస్తున్నారా? బగాస్ దుమ్ము, వేడి, ఈ రెండే ఆ సామానుకు మొదటి శత్రువులు.

6. ఆ యంత్రం తెలిసిన మెకానిక్ ఎప్పుడు రిటైరవుతున్నారు? ఆయన దగ్గర ఎవరు నేర్చుకుంటున్నారు?

ఈ ఆరింటిలో చివరిదే ముఖ్యం. కార్డు బజారులో దొరుకుతుంది, అనుభవం దొరకదు. ఐ.టి.ఐ. చదివిన మన పిల్లలు ఊళ్లలో ఎంతోమంది ఖాళీగా ఉన్నారు. సీజన్ లేని నెలల్లో ఇద్దరిని ఆ పెద్దాయన పక్కన కూర్చోబెడితే అయ్యే ఖర్చు, ఒక్కరోజు గానుగ ఆగితే పోయేదానితో పోల్చి చూడమనండి.

మన ఇంటి దాకా వచ్చిన సమస్య

ఇది చక్కెర ఫ్యాక్టరీకే పరిమితం కాదు. పాల కేంద్రంలో వెన్న శాతం చూపే మిషన్, మిర్చి దాచుకునే కోల్డ్ స్టోరేజీలో చల్లదనం చూసే పెట్టె, రైస్ మిల్లులో రంగు బియ్యం ఏరే యంత్రం, డ్రిప్పు కంట్రోలరు, వీటన్నిటిలోనూ ఇలాంటి కార్డే ఉంది. అమ్మినప్పుడు తియ్యగా మాట్లాడినవాడు, చెడిపోయినప్పుడు "ఆ మోడల్ ఆగిపోయిందండీ" అంటాడు.

అమెరికా రైతులకూ ఈ బాధ తప్పలేదు. ట్రాక్టరులో కంప్యూటర్ ఉంది, దాన్ని విప్పే సాఫ్ట్‌వేరు మాత్రం డీలరు దగ్గరే ఉంది. పొలంలో బండి ఆగితే డీలరు వచ్చేదాకా అదును దాటిపోతోంది. వాళ్లు ఏళ్ల తరబడి పోరాడితే కొలరాడో రాష్ట్రం 2023లో, వ్యవసాయ యంత్రాలను బాగుచేసుకోవడానికి కావాల్సిన సామాను, సమాచారం రైతుకు ఇవ్వాల్సిందేనని చట్టం చేసింది. మన దేశంలోనూ కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జులైలో బాగుచేసుకునే హక్కు మీద ఒక కమిటీ వేసింది. అది ముందుగా చేపట్టిన నాలుగు రంగాల్లో వ్యవసాయ పరికరాలు ఒకటి. అదే ఏడాది డిసెంబరు 24న దీనికోసం ఒక పోర్టల్ కూడా ప్రారంభించారు. ఆ హక్కు మన ఊరి మెకానిక్ చేతికి దిగిరావాలంటే మనం అడుగుతూనే ఉండాలి.

కొనేటప్పుడే అడగండి. స్పేర్లు ఎన్నేళ్లు ఇస్తారు? సర్క్యూట్ పుస్తకం ఇస్తారా? ప్రోగ్రాము నకలు మాకు ఇస్తారా? వేరే కంపెనీ సామాను దీనికి పడుతుందా? నోటిమాటగా కాదు, బిల్లు మీద రాయించుకోండి. సంఘం తరఫున కొనేటప్పుడు టెండరులోనే ఈ షరతులు పెట్టించండి. ఒక్క కంపెనీ సామానే పట్టే యంత్రం కొనడమంటే, ఒక్క షావుకారి దగ్గరే అప్పు చేసినట్టు. వడ్డీ ఆయన చెప్పిందే.

మన తాతలు నాగలి కర్రు అరిగితే కర్రే మార్చారు. నాగలిని పొయ్యిలో పెట్టలేదు. బావి మోట పోయి ఆయిలింజన్ వచ్చింది, ఆయిలింజన్ పోయి కరెంటు మోటారు వచ్చింది. బావి మాత్రం అదే. ఏది ఉంచాలో, ఏది మార్చాలో తెలిసినవాడిదే సేద్యం. ఫ్యాక్టరీకైనా అదే సూత్రం.

ఆ పెద్దాయన ఇప్పుడు లేరు. ఫ్లాపీల కట్ట ఏమైందో వాళ్ల ఇంట్లోవాళ్లకూ తెలియదు. ఈసారి మీ ఫ్యాక్టరీలో సభ జరిగినప్పుడు, చెరకు ధర గురించి మాట్లాడాక, బకాయిల గురించి అడిగాక, కూర్చునే ముందు ఈ ఒక్క ప్రశ్న కూడా వేయండి: "అయ్యా, మన గానుగను నడిపే ప్రోగ్రాము నకలు ఎవరి బీరువాలో ఉంది?"